కార్డు మీద ఊరి పేరు

బోరు మోటార్ల రిపేరు షాపు పెట్టిన కొత్తలో నా విజిటింగ్ కార్డు నేనే వర్డ్‌లో చేసి, ప్రొద్దుటూరులో ప్రింటు తీయించుకున్నాను. పైన పేరు, మధ్యలో ఫోను, అడుగున మా ఊరు. ఫ్యాక్షన్ రోజులవి.

జమ్మలమడుగు బస్సులో పక్కనున్న పెద్దాయన నా చేతిలోని కార్డుల వంకే చూస్తున్నాడు.

"ఒకటియ్యప్పా."

అనుమానంగానే ఇచ్చాను. "మీది యా ఊరు మామా?" అని అడిగాను.

ఆయన కార్డు చదివి, ఊరి పేరున్న అంచును మడిచి నిదానంగా చించాడు.

"ఊరు చెప్తే పార్టీ చెప్పినట్టే గదా. తెలీనోళ్లకు ఇట్లా పంచుతాండావేంది?" అంటూ మిగతా కార్డు నాకే తిరిగిచ్చి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

మర్నాడే వర్డ్‌లో ఆ వరుస తీసేశాను. మంచే చెప్పాడు. కానీ చించిన ముక్కను ఆయన కిటికీలోంచి పారేయలేదు. జేబులో పెట్టుకున్నాడు.