కుప్పం ఫైలులో మొదటి వరుస

మదనపల్లెలో ఒక పశువుల టీకా కేంద్రంలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. నా ఇంజనీరింగ్ డిగ్రీకి అంతకంటే మంచి ఉపయోగం అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కేంద్రాలు పశువుల వివరాలను తలా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాసేవి. మా పెద్ద ఫైలు ఆ మూడింటినీ తనలో చేర్చుకునేది. పార్సర్ అనే ప్రోగ్రాము దాన్ని చదివితేనే ఏ పశువుకైనా టీకా సర్టిఫికెట్ అచ్చయ్యేది. మూడింటిలో ఒకటి చెడినా చదవడం మొత్తం మానేసేది. అలా అమర్చింది నేనే. అప్పట్లో తెలివైన పనిలాగే అనిపించింది.

ఆ రోజు నెల మొదటి తారీఖు. రామసముద్రం నుంచి ఒకావిడ టెంపోలో ఆవును ఎక్కించుకుని వచ్చింది. కోలారు దగ్గర కూతురింటికి తీసుకుపోతోంది. సర్టిఫికెట్ లేకపోతే చెక్‌పోస్టులో వెనక్కి పంపేస్తారు. మధ్యాహ్నం మూడు దాటితే తాను ఉండనని డ్రైవరు ముందే చెప్పేశాడు.

కుప్పం ఫైలును చేర్చలేకపోయానని పార్సర్ తేల్చింది. దాని కింద ఇంకేదో రాసింది గానీ నేను చదవలేదు. చదువుకున్నవాణ్ణి కదా, ఫైలు ఉండాల్సిన చోట లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఫోల్డర్లు వెతికాను. సర్వరు ఆపి మళ్లీ పెట్టాను. చివరికి పుంగనూరుకు ఫోన్ చేశాను.

"కుప్పం ఫైలు చెడితే మాకు యాల ఫోన్ చేస్తాండావప్పా?" అంది అక్కడి ఆపరేటరు. న్యాయమైన ప్రశ్నే.

రామసముద్రం ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. "నాయనా, మా ఆవుకు కుప్పంలో ఏం పని?"

"ఏం లేదమ్మా."

"మరి ఆ కుప్పం యాల అడ్డమొస్తాండాది?"

రెండున్నరకు, చేయడానికి ఇంకేమీ మిగలక, ఎర్రర్లో రెండో వాక్యం చదివాను. ఫైలు ‘ఇది ఎక్స్‌ఎంఎల్’ అని చెప్పే ప్రకటనతోనే మొదలవాలట, దానికి ముందు ఇంకేదో ఉందట. తెరిచి చూశాను. మొదటి వరుసలో, పొందిగ్గా మధ్యకు జరిపి, 'శ్రీ'. దాని కింద రెండు గీతలు.

కుప్పం ఆపరేటరు రిజిస్టర్లు రాసి రాసి కంప్యూటరు దాకా వచ్చిన పెద్దాయన. ఇన్నాళ్లూ ప్రతి నెలా కొత్త ఫైలు నేనే తయారుచేసి పంపేవాణ్ణి. ఈ నెల ఆయనే మొదలుపెట్టారు. ఆయనకు ఫోన్ చేశాను.

"ఫైలు పైన శ్రీ యాల పెట్టినారు సార్?"

"కొత్తది మొదలుపెడతా శ్రీ పెట్టకుండా యాడైనా రాస్తారా అప్పా? నువ్వు పరీక్ష పేపర్ల మీద పెట్టలేదా?"

పెట్టాను. ఫిజిక్సుకు రెండు పెట్టాను.

"దాన్ని తీసేయాల సార్."

"నా సేత్తో తీయను. పాపమేదో నువ్వే కట్టుకో."

"పోనీ రెండో వరుసలో కామెంటుగా పెట్టుకోండి. పార్సర్ దాన్ని పట్టించుకోదు."

"పట్టించుకోని తావున పెట్టేదెందుకు?"

"పట్టించుకోనిది పార్సర్ ఒక్కటే సార్. దేవుడు సూస్తాడు కదా."

"సరే, రెండో వరుసే కానీ. మొదటిది మీ మిషనుకు ఇడిసిపెడతాండా."

మూడుకు రెండు నిమిషాలుండగా సర్టిఫికెట్ అచ్చయింది. దాన్ని పట్టుకుని బయటికి పరిగెత్తాను. ఆవిడ ఆవుకు గడ్డి వేస్తోంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

"అన్నం తినేదానికి పోయినాడు నాయనా. ఇంగా అరగంట పడతాదంట," అంటూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.