బాబాయిగారు ఎంచిన కార్బురేటర్

నా రేసు బండికి రెండు కార్బురేటర్లు, వాటిని ఇంజనుకు కలిపే మేనిఫోల్డ్ గొట్టాలు పట్టుకుని, ఏది పెట్టాలో తేల్చుకుందామని ఈ రోజు అమలాపురంలో మా మెకానిక్ బాబాయిగారి దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆయన చెవే మాకు మీటరు.

ఒక్కొక్కటీ బిగించి, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నారు. మొదటిదానికి పెదవి విరిచారు. రెండోది వింటుండగానే ఇంజను ఆగిపోయింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం వణుకుతూనే ఉంది.

“ఇదీ ఇంజనంటే! ఎంత మెత్తగా తిరుగుతోందో చూసేరా అబ్బాయిగారూ?” అన్నారు, కళ్ళు మూసుకునే.

“ఆయ్, ఇదే ఉంచేద్దామండీ” అన్నాను.

ఆయన లోపలికి వెళ్ళాక, బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను. ఇంజను ఆగిపోయిందని మీరైతే చెప్పగలిగేవారా?