ముందు మాస్టర్ నడవాలి

పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో పార్కుకు వెళ్తే ఈమధ్య ఒక వింత కనిపిస్తోంది. ఖరీదైన బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో పచ్చిక మీద పచార్లు చేస్తున్నారు జనం. నిద్ర బాగా పడుతుందట, బీపీ తగ్గుతుందట. "మీరూ ట్రై చేయండి మేడమ్, చాలా హాయిగా ఉంటుంది" అని మొన్న ఒకావిడ నాకు చెప్పింది. నాకు! చెప్పులు విడిచి పొట్ట పోసుకున్న మనిషిని నేను. నవ్వుకుని చెప్పులు విడిచాను. రాత్రి కురిసిన వాన ఇంకా గడ్డిలోనే ఉంది. ఆ చల్లదనం అరికాళ్లలోంచి పిక్కల దాకా పాకింది. అంతే, శకుంతలా మాస్టర్ పక్కన నిలబడి "ఎట్లున్నదే?" అని అడిగినట్టయింది. చుట్టూ అంతమంది ఉన్నా కళ్లు తుడుచుకోక తప్పలేదు.

సినిమాల్లో డాన్సు నేర్పేవాళ్లను ఆడైనా మగైనా మాస్టర్ అనే అంటాం. శకుంతలా మాస్టర్‌ది జనగామ వైపు ఒక ఊరు. పొట్టిగా, గట్టిగా, నుదుట పెద్ద బొట్టుతో ఉండేవారు. నేను తెనాలి నుంచి వచ్చి, గుంపులో ఆడే డాన్సరుగా ఆవిడ దగ్గర చేరిన రోజున కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని మరీ వెళ్లాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత ఇంటి కింది అంతస్తు ఆవిడ రిహార్సల్ హాలు. నేలంతా షాబాదు బండలు. ఆవిడ నా ముఖం కూడా చూడలేదు, కాళ్లే చూశారు.

"గా బూట్లు ఇడువు. హాలంత ఒకసారి నడిచి రా. ఏ బండ కదులుతున్నదో నాకు చెప్పాలె."

నడిచొచ్చాను. "ఏదీ కదలడం లేదండీ" అన్నాను గొప్పగా.

"ఏమే, నేల మీద నడిచినవా, గాలిల నడిచినవా? మళ్ల పో. జర నెమ్మదిగ."

ఈసారి కిటికీ దగ్గర మడమ కింద ఒక బండ సన్నగా ఊగింది. చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. "గాడ దుంకితే కాలు మెలిక పడ్తది. యాది పెట్టుకో" అన్నారు. నా పేరేమిటని అడిగింది ఆ తర్వాతే.

ఏ సెట్టుకు వెళ్లినా ఆవిడ పద్ధతి ఒకటే. నేలకు దణ్ణం పెట్టి, చెప్పులు పక్కన పెట్టి, డాన్సర్లు ఆడబోయే చోటంతా ముందు తాను నడవాలి. ఆ తర్వాతే మేము. వడ్రంగులు వదిలేసిన మేకు, పూజకు కొబ్బరికాయ కొట్టిన చోట మిగిలిన చిప్ప ముక్క, రంగు ఆరక జిగటగా ఉన్న ప్లైవుడ్డు, అన్నీ ముందు ఆవిడ అరికాలికే తగిలేవి. ప్రొడక్షన్ మేనేజర్లు గడియారం చూసుకుంటూ "ప్రదక్షిణం అయిందా మాస్టర్?" అని వేళాకోళం చేసేవారు. "అయితది సారూ, మీ ఏసీ కారు యాడికి పోదు" అనేవారు ఈవిడ. ఆవిడ నడిచిన నేల మీద మాలో ఎవరి కాలికీ మేకు గుచ్చుకున్న జ్ఞాపకం నాకు లేదు.

ఇదంతా భయం కొద్దీ చేశారనుకుంటే పొరపాటే. ఆవిడకు అదొక సంబరం. సెట్టులో పోసిన ఇసుకలో వేళ్లు దూర్చి తనలో తాను నవ్వుకునేవారు. ఎక్కడైనా ఎర్ర గచ్చు కనిపిస్తే దాని మీద కాసేపు అటూ ఇటూ తిరిగితే గానీ బయటికి రారు. ఒక సాయంత్రం వాన వెలిశాక ఫిల్మ్‌నగర్ వాలులో శ్రీనగర్ కాలనీ వైపు దిగుతున్నాం. ఆవిడ చెప్పులు చేతిలోకి వచ్చేశాయి.

"రోడ్డు మీద గాజుపెంకులుంటాయి మాస్టర్, వేసుకోండి" అన్నాను.

"చూసుకుంట నడుస్త తియ్యి. నువ్వు గూడ ఇడువు. వాన రోడ్డు కడిగిపెట్టింది, గిప్పుడు గాకపోతే ఎప్పుడు నడుస్తం?"

పగలంతా కాగిన తారు లోపల ఇంకా వెచ్చగా ఉంది, పైన పారే నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు. కార్లలో వాళ్లు మమ్మల్ని ఎగాదిగా చూశారు. మొదట సిగ్గేసింది. కాసేపటికి సిగ్గూ పోయింది, ఇల్లు ఇంకొంచెం దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

నేను ఆవిడ అసిస్టెంటునయ్యాక ఒక వేసవిలో జూబ్లీహిల్స్‌లో గుట్ట మీద పాట తీస్తున్నాం. అమ్మాయిలు పట్టీలు పెట్టుకుని వట్టికాళ్లతో ఆడాలి. మిట్టమధ్యాహ్నం. మాస్టర్ ఎప్పటిలాగే బండ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నింపాదిగా తిరిగొచ్చి "మంచిగున్నది, రాండ్రి" అన్నారు. లత అనే అమ్మాయి ముందుగా అడుగు పెట్టింది. పెట్టీ పెట్టగానే "అమ్మో!" అని ఎగిరి పక్కకు పడింది. నేను చెయ్యి పెట్టి చూశాను. బండ పెనంలా కాలుతోంది.

"మాస్టర్ నడిచారుగా అమ్మా! మీకే వచ్చిందా నాజూకు? టైమైపోతోంది, కానివ్వండి!" అని మేనేజర్ కేకలు.

మాస్టర్ మళ్లీ ఆ బండ మీదికే వెళ్లి నిలబడి తన కాళ్లకేసి చూసుకుంటున్నారు. చెయ్యి పట్టుకుని నీడలోకి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, పాదం తిప్పి చూశాను. అరికాలంతా బొబ్బలెక్కింది. మడమ దగ్గర తోలు ఊడి వచ్చింది.

"నొప్పి లేదా మాస్టర్?"

"లేదే." ఆవిడ గొంతులో అంత భయం నేను ఎప్పుడూ వినలేదు. "ఏం తెలుస్తలేదే వనజా. పిల్ల కాలు కాల్చిన గదనే!"

అప్పుడు కూడా లేచి నిలబడి మేనేజరుతో ఒక్కటే అన్నారు. "పొద్దు వంగినంక తీస్తం. గప్పటిదాంక నా పిల్లలు గీ బండ ఎక్కరు."

బంజారాహిల్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగరు ముదిరి కాళ్లలో నరాలు మొద్దుబారాయని, ఇక చిన్న గాయమైనా కాలు తీసేయాల్సి రావచ్చని, చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దని డాక్టరు చెప్పాడు. "ఇంట్ల గూడనా సారూ?" అని అడిగారు మాస్టర్. "ఇంట్లో కూడానమ్మా" అన్నాడాయన. షుగరు రోగుల మెత్తటి నల్ల చెప్పులు వేసుకుని ఆటోలో వస్తూ ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చారు. కాలు పోతుందని కాదు. "ముందు నడవనోళ్లు మాస్టరెట్లయితరే?" అని.

పని మానేస్తారనుకున్నాను. మానలేదు. అప్పటి నుంచి ముందు నడవడం నా వంతు, కుర్చీలో కూర్చుని అడగడం ఆవిడ వంతు అయింది.

"ఎట్లున్నదే?"

"బాగుంది మాస్టర్."

"బాగుంది అంటే ఏంది, పెండ్లి భోజనమా? చల్లగున్నదా, గరుకుగున్నదా, జారుతున్నదా? మంచిగ చెప్పు."

తిట్లు తినగా తినగా మాటలు వచ్చాయి. కుడివైపు మంచు దిగి జారుతోందనీ, అంచు దగ్గర చెక్క పేడు లేచిందనీ, మధ్యలో మట్టి తొక్కితే మెత్తగా దిగుతోందనీ చెప్పేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని వినేవారు. పనికొచ్చే సంగతులన్నీ అయిపోయాక కూడా "ఇంక చెప్పు" అనేవారు. ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. నాకు దుఃఖం పొంగుకొచ్చేది.

చివరి రోజుల్లో వెంగళరావు నగర్‌లో కూతురి ఇంట్లో ఉన్నారు. సెట్టుకు రావడం పోయింది, మంచం దిగడమే కష్టమైంది. నేను సొంతంగా మాస్టరునై మొదటి పాట చేసిన రోజున, సాయంత్రం షూటింగు నుంచి సరాసరి వెళ్లాను. మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోమన్నారు. కూర్చోగానే వంగి నా పాదం చేతుల్లోకి తీసుకున్నారు. గురువు నా కాలు పట్టుకోవడమా! చప్పున లాక్కున్నాను.

"అయ్యయ్యో, మాస్టర్! నాకు పాపం చుట్టుకుంటుంది!"

"పాపం లేదు, గీపం లేదు. కాలు ఇటియ్యి."

ఇచ్చాను. అరిచేత్తో నా అరికాలు నిదానంగా తడిమారు. మడమకు అంటుకున్న ఇసుక దులిపారు. బొటనవేలి కింద కొత్తగా లేచిన పొక్కు దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"నువ్వే ముందు నడిచినవా?"

"నేనే మాస్టర్."

"పిల్లలకు?"

"ఒక్కరికీ ఏం కాలేదండీ."

ఆవిడ నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నారు. నేనూ తీసుకోలేదు.

ఆవిడ పోయారు. నా సెట్టులో ఇప్పటికీ ముందు నేనే నడుస్తాను. ప్యాకప్ చెప్పగానే అమ్మాయిలను కూర్చోబెట్టి ఒక్కొక్కరి అరికాలూ చేత్తో పట్టి చూస్తాను. కొత్తగా చేరినవాళ్లు "అయ్యో, మాస్టర్!" అంటూ కాలు వెనక్కి లాక్కుంటారు. నేను వదలను.