మా బావ వేడి వైద్యం

మా అక్క మొగుడు పంతొమ్మిదేళ్లుగా బకెట్ల మిషన్ మీద పని చేస్తున్నాడు. లోకంలో ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఒకటే మందు, వేడి. సీసా మూత రాకపోతే వేడినీళ్లు, నడుం పట్టేస్తే వేడి కాపడం, మా అక్క అలిగితే వేడి కాఫీ. అదే ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గింజలను పరీక్షించే ఉద్యోగం నాది కాబట్టి ఆయన్ని ఆటపట్టించే అవకాశం నాకు ఇంటా బయటా దొరికేది.

ఒకరోజు కొత్త గింజల బస్తాలు విప్పారు. కరిగిన ప్లాస్టిక్ అచ్చు నిండా పారక, అంచులు సగమే ఉన్న బకెట్లు వచ్చాయి. బావ మిషన్ వేడి పది డిగ్రీలు పెంచాడు, మళ్లీ పది, ఆపైన ముప్పై. బకెట్లు నిండుగా రాగానే నా వైపు చూసి మీసం దువ్వాడు. మధ్యాహ్నం పరీక్షకని నడుమెత్తు నుంచి జారవిడిస్తే ఒక్కటీ మిగల్లేదు, అన్నీ పగిలాయి. సాయంత్రంలోగా కారణం తేలకపోతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు మేనేజరు. బావ మొహం పాలిపోయింది.

నేను ఊరుకోవచ్చు కదా. పాఠం మొదలుపెట్టాను.

"ప్లాస్టిక్ లోపలంతా దారాల్లాంటి గొలుసులే బావా. పొడుగైన కొద్దీ చిక్కుపడి కదలవు, అందుకే కరిగినా చిక్కగా ఉంటుంది. వేడి పెడితే కాస్త జారతాయి. నువ్వు మరీ కాల్చేసరికి తెగిపోయాయి, బకెట్లో బలం పోయింది."

"మరి అంత పొడుగు గొలుసుల బస్తాలు బకెట్లకు పనికొస్తాయని చీటీ రాసిందెవరు?"

"నేనే. నా పరీక్షలో బాగానే పారిందిగా."

"ఎంత వేడి మీద?"

పరుగెత్తుకెళ్లి నా పరీక్ష మిషన్ చూశాను. నూట తొంభై దగ్గర ఉండాల్సిన ముల్లు రెండు వందల ముప్పై దగ్గర ఉంది. అంతకుముందు వేరే రకం గింజలకు పెట్టి, మార్చడం మరిచాను. ఆ వేడికి చిక్కటి సరుకు కూడా పల్చగా పారి బొటాబొటీగా పాసైపోయింది. ఇన్నేళ్లూ బావను వెక్కిరించిన నోరు నాది.

మేనేజరు గదిలో ఆయన నాకంటే ముందే మాట్లాడాడు. "వేడి ఎక్కువ పెట్టింది నేనే సార్."

అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం నేనే చెప్పేశాను.

మిషన్ బావ దగ్గరే ఉంది. నన్ను మాత్రం నెల రోజులు ఆయన కింద బస్తాలు మొయ్యమన్నారు.

గేటు దాటాక బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో తప్పంతా నాదేనని చెబుదాంరా. తమ్ముడిదంటే మీ అక్క ఎలాగూ నమ్మదు."