అవ్వ ఇంటర్వ్యూ చేసిన అమెరికా రచయిత్రి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతి రోజుల్లో, వేములవాడ దగ్గరి మా ఊరికి ఒక అమెరికా రచయిత్రి వచ్చింది. చేనేతవాళ్ల మీద పుస్తకం రాస్తుందట. కథలు కట్టదు, ఉన్నది ఉన్నట్టు రాస్తుందని ఆమెకు పేరు. అప్పుడే కరీంనగర్‌లో ఇంగ్లీషు మాస్టరుగా చేరిన నన్ను దుబాసీగా ఉండమన్నారు. ఆమెను నేరుగా మా ఇంటికే తీసుకుపోయాను.

అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

"మీ జీవితం గురించి చెప్పమంటోంది" అన్నాను.

"నాదేమున్నది బిడ్డా, పొద్దున లేస్తే గీ నూలే. గామెకు పెండ్లయిందా, అడుగు."

అయిందట. విడిపోయారట.

"అయ్యో, ఎందుకట?"

నాకు మొహమాటమేసింది. అయినా అడిగాను. రచయిత్రి కలం పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఒక చిన్న పత్రికలో వంటల గురించి రాస్తున్నంతకాలం భర్త మెచ్చుకున్నాడట. బొగ్గుగనుల మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న ఏడాదే ఇల్లు వదిలి పోయాడట. జైళ్ల మీద రాసిన రెండో పుస్తకం ఎవరూ కొనలేదట.

"జైళ్లకు పోయి రాసిందా! తల్లి ఏమనలేదా?"

తాను జైళ్లు తిరుగుతుండగానే తల్లి పోయిందని, చివరిచూపు దక్కలేదని చెబుతూ ఆమె ఏడ్చేసింది. అవ్వ రాట్నం ఆపి దగ్గరికి జరిగింది. "ఊకో చెల్లె, ఊకో" అని వీపు నిమిరింది. దాన్ని అనువాదం చెయ్యాల్సిన అవసరం పడలేదు.

ఆ వారమంతా అదే తంతు. రోజూ ప్రశ్నలతో వచ్చేది, జవాబులు చెప్పి, జొన్నరొట్టె తిని పోయేది.

కొన్నేళ్లకు పుస్తకం పోస్టులో వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయింది; అత్త నోటికి మూత పడదని నా భార్య రోజూ సణిగేది. మా ఇంటి గురించి నాలుగు వాక్యాలున్నాయి. ఇల్లాలు మౌనంగా నూలు చుడుతూ కూర్చుందట. ఇక్కడి ఆడవాళ్లు నోరు విప్పరట, బయటి ప్రపంచం గురించి వాళ్లకు కుతూహలం ఉండదట.

నాకు ఒళ్లు మండింది. తెలుగులో చెబితే అవ్వ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"నోరు విప్పదని రాసిందా? గట్లనే అచ్చేసిండ్రా? జర నీ పెండ్లాన్ని పిలిచి, గది గట్టిగ చదువు."

పిలిచి చదివాను. నా భార్య మొత్తం విని, అత్త వంక ఒకసారి చూసి, "మీకు ఇంగ్లీషు నిజంగ వస్తదా?" అని నన్నడిగింది.