తొవ్వ అడగని లక్ష్మీరాజం

లక్ష్మీరాజానికి ఉన్న గుణం ఒక్కటే. చచ్చినా ఎవరినీ దారి అడగడు.

మిగతా అన్నింట్లో మనిషి బంగారం. ఆర్మూరు పసుపు మార్కెట్టుకు ఎదురుగా కిరాయి సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు. పసుపు బండి తోలుకొచ్చిన రైతులు, బేరం తెగేదాకా అటూ ఇటూ తిరగడానికి ఆయన దగ్గరే సైకిలు తీసుకుంటారు. వాళ్ళలో ఎవరైనా "పటేలా, బాల్కొండకు ఎట్ల పోవాలె?" అని అడిగితే చాలు, చేతిలో పాన పక్కన పెట్టి, నేలమీద గీతలు గీసి, వాగు ఎక్కడ దాటాలో, ఏ ఊళ్ళో కుక్కలు వెంటపడతాయో కూడా చెప్పి పంపిస్తాడు. చెప్పడానికి ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. అడగడమంటేనే ప్రాణం పోతుంది.

"అడుగుడేంది? తొవ్వ అన్నంక ఏడికో ఆడికి పోకుండ ఉంటదా?" అంటాడు.

పోతుంది, నిజమే. ఆ ఏడికో అన్నదే ఇంట్లోవాళ్ళ ఏడుపు.

ఒకసారి మోర్తాడులో దోస్తు పెళ్ళికని బయలుదేరాడు. దారిలో ఓ ఊళ్ళో పందిరి కనిపించింది, బాజాలు మోగుతున్నాయి, సైకిలు గోడకు ఆనించి లోపలికి నడిచాడు. అక్షింతలు వేశాడు, కట్నం చదివించాడు, పప్పులో ఉప్పు తక్కువైందని వంటవాళ్ళతో తగువు కూడా పెట్టుకున్నాడు. భోజనాలయ్యాక పెళ్ళికొడుకు ముఖం దగ్గరగా చూసి, "ఏమైంది గీ పోరనికి, గింత బక్కగైండు?" అనుకున్నాడే తప్ప, ఇది వేరే పెళ్ళేమో అని ఒక్కరినీ అడగలేదు. ఆ పెళ్ళివారు ఇప్పటికీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆయనను పిలుస్తారు. మోర్తాడు దోస్తు మాత్రం బజార్లో ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు.

ఇలాంటి మనిషికి ఊళ్ళు చూసే పిచ్చి కూడా ఉంటే ఏం కావాలి? మార్కెట్టు మూసి ఉండే ఐతారం వచ్చిందంటే, "లోకం చూడాలె" అని ఇంటిల్లిపాదినీ సైకిళ్ళు ఎక్కించేవాడు. ముందు ఆయన సైకిలు. బారు మీద బిగించిన బుల్లి సీట్లో రెండేళ్ళ కొడుకు రాజేశ్వర్, వెనక క్యారేజీ మీద భార్య భాగ్యవ్వ, ఆమె ఒళ్ళో అన్నం మూట. రెండో సైకిలు తమ్ముడు హన్మండ్లుది. దాని వెనక తల్లి భూమవ్వ, కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తూ. ఆఖరున పదేళ్ళ కూతురు గంగమణి, బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా వంకర చేసి తొక్కుకుంటూ.

బాల్కొండ ఖిల్లా చూపిస్తానని తీసుకుపోయిన ఐతారం సంగతి ఆర్మూరులో అందరికీ తెలుసు. మధ్యాహ్నం దాకా తొక్కించి, ఏదో ఊరి చివర సగం కూలిన మొండిగోడల ముందు ఆపాడు. "చూడుర్రి, గిదే ఖిల్లా!"

భూమవ్వ కళ్ళు తెరిచి, ఎందుకైనా మంచిదని దండం పెట్టింది.

"నాయినా, ఖిల్లల బర్రెలెందుకున్నయ్?" అంది గంగమణి.

"రాజులు పోయినంక ఎవలుంటరు మరి?"

గోడ అవతల పేడ ఎత్తుతున్న ముసలాయన ఏదో చెప్పబోయాడు. లక్ష్మీరాజం చెవులు వినపడనట్టు గంట కొట్టి సైకిలు తిప్పేశాడు.

భాగ్యవ్వకు ఇవన్నీ అలవాటే. మొగుడి మీద నవ్వే వాళ్ళతో కలిసి తనూ నవ్వేది. నవ్వు రానిది ఒక్క విషయంలోనే. ఈ గుణం వల్ల ఆమెకు తల్లిగారిల్లు దూరమైంది.

ఆమెది నందిపేట అవతల, గోదావరి దిక్కు ఊరు. మూడేళ్ళ కిందట తమ్ముడి పెళ్ళికి ఆమె ముందే వెళ్ళింది. లక్ష్మీరాజం పెళ్ళినాడు బయలుదేరాడు. అత్తగారి ఊరే కదా, వెళ్ళిన దారిలో వెళ్ళొచ్చు కదా? లేదు, కొత్త అడ్డదారి కనిపెట్టాడు. చేరేసరికి అల్లుళ్ళకు బట్టలు పెట్టడం అయిపోయింది. పెద్దల్లుడికి కట్టాల్సిన రుమాలు మామ కాశీరాం, ముహూర్తం దాటిపోతుందని, చిన్నల్లుడి తలకు కట్టేశాడు.

ఇంకేముంది, పందిట్లో నిప్పు రాజుకుంది.

"పెద్దల్లుడు రాకముందే చిన్నోనికి రుమాలు కడ్తవా మామా?"

"నలుగుర్ని తొవ్వ అడిగి వస్తే టైముకొస్తుంటివి. అడిగితే నోట్లె ముత్యాలు రాలుతయా?"

వందమంది చుట్టాల ముందు అన్న మాట. లక్ష్మీరాజం ముఖం కందగడ్డ అయింది. "ఇయ్యాల్టి సంది మీ ఊరి తొవ్వ నేను మరిచిపోయిన. పో!" అన్నాడు.

కాశీరాం తక్కువ తిన్నాడా? "మంచిగైంది. తొవ్వ తెలిసి వచ్చినవంటె నా గడప తొక్కనియ్య" అన్నాడు.

అంతే. ఆ తర్వాత అక్కడినుంచి పిలవడానికి ఎవరూ రాలేదు. పిలవని పేరంటానికి, మొగుడికి మర్యాద దక్కని ఇంటికి భాగ్యవ్వ పోదు. తల్లి లింగవ్వ రావాలన్నా మొగుడి మాట దాటదు. రాజేశ్వర్ పుట్టి, పాకి, నడిచి, పరుగులు పెడుతున్నాడు. వాడిని అమ్మమ్మ ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. భాగ్యవ్వ మొగుడితో ఒక్క మాట అనలేదు. కానీ పసుపు సీజనులో నందిపేట బండ్లు వచ్చినప్పుడల్లా దుకాణం గుమ్మంలో నిలబడి, బండి మీద తన ఊరివాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూసేది. సైకిలుకు పంచరు వేస్తూ లక్ష్మీరాజం ఆమెను చూసేవాడు. చూసి, అవసరమైనదానికన్నా ఎక్కువగా ట్యూబును రుద్దేవాడు.

అప్పుడే పోచంపాడు దగ్గర గోదావరికి ఆనకట్ట పని సాగుతోంది. ఏనుగులంత మిషన్లు వచ్చాయట, కొండలు పగలగొడుతున్నారట అని మార్కెట్టులో ఒకటే ముచ్చట. ఆర్మూరులో సగం మంది చూసొచ్చారు.

"వచ్చే ఐతారం పోచంపాడు" అని లక్ష్మీరాజం ప్రకటించాడు.

ఇంట్లో అందరికీ మొదటిసారి ధైర్యం కలిగింది. ఎందుకంటే పోచంపాడుకు దారి తప్పడం మనిషి తరం కాదు. నాగపూర్ సడకు పట్టుకుని ముక్కుసూటిగా పోవడమే.

పొద్దు పొడవకముందే మూడు సైకిళ్ళు కదిలాయి. కొంతదూరం పోయాయో లేదో, లక్ష్మీరాజం సడకు దిగి ఎడమచేతి బండ్లబాట పట్టాడు.

"అన్నా! సడక్ సీదగ పోతది. గటు పోతున్నవేంది?" హన్మండ్లు వెనకనుంచి అరిచాడు.

"సీదగ పోతే చూడనీకి ఏముంటది?"

"ఓరి కొడుకా, గా పొలంల మనిషిని అడుగరాదుర!" అని భూమవ్వ కళ్ళు మూసుకునే మొత్తుకుంది.

"నువ్వు కండ్లు మూసుకోని ఉన్నవు గద అవ్వా, మనిషి ఉన్నడని నీకెట్ల తెలుసు?"

"ఏడనన్న ఒక మనిషుండడా!"

ఎవరి మాటా వినలేదు. పొలాల్లో పసుపు ఉడుకుతున్న వాసన గాలి నిండా ఉంది. కళ్ళాల్లో ఉడికిన కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. గంగమణి ఆపకుండా పోచంపాడు ఎంతదూరమని అడుగుతూనే ఉంది. భాగ్యవ్వ మాత్రం వెనక కూర్చుని ఒక సంగతి గమనిస్తోంది. మామూలుగా బాట చీలిన చోట ఈయన ఓ కాలు కింద పెట్టి ఆగుతాడు. ఆకాశం చూస్తాడు, బండి జాడలు చూస్తాడు, ఓ కన్ను మూస్తాడు. బాగా ఆలోచించి అప్పుడు తప్పుదారిలో పోతాడు. ఇవాళ ఒక్క చోటా ఆగలేదు. ఎడమకు తిప్పాడు, వాగు దాటాడు, కుడికి తిప్పాడు, చింతతోపు చుట్టి వెళ్ళాడు. కాలు కింద పెట్టనే లేదు.

మూడు తాటిచెట్లు, వాటి పక్కన మోటబావి కనిపించేసరికి ఆమె క్యారేజీ మీదే నిక్కి చూసింది. చిన్నప్పుడు ఆమె ఈత నేర్చుకున్న బావి అది.

"ఏందయ్యా, గిది మా ఊరి తొవ్వ!"

"నాకేమెర్క? నేను మరిచిపోయిన గద" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

బావి అవతల కళ్ళంలో, పసుపు ఉడికే కడాయి పక్కన నులకమంచం మీద కాశీరాం చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. మూడు సైకిళ్ళు వచ్చి ఆగినా లేవలేదు. ఎగాదిగా చూశాడు.

లక్ష్మీరాజం స్టాండు వేసి, పరాయి మనిషిలా గొంతు సవరించుకున్నాడు. "జర నీళ్ళు దొరుకుతయా? తొవ్వ తప్పినం."

"ఏ ఊరు మీది?"

"ఆర్మూరు."

"ఏడికి పోవాలె?"

"పోచంపాడుకు."

కాశీరాం చుట్ట తీసి పక్కన ఉమ్మాడు. "పోచంపాడు గటుంటె గిటొచ్చినవా! నీ అసొంటి మనిషిని నేను యాడ చూడలే."

"అందరు గదే అంటరు."

కాశీరాం చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. భాగ్యవ్వ సైకిలు దిగి, కొడుకును ఎత్తుకుని నిలబడింది. ఇప్పుడు తండ్రి పొమ్మంటే ఈ జన్మకు ఈ బాట మళ్ళీ తొక్కడం ఉండదు.

"తొవ్వ తప్పినోళ్ళకు అన్నంనీళ్ళు పెట్టకుంటె పాపం తగుల్తది" అన్నాడు కాశీరాం, కడాయితో మాట్లాడుతున్నట్టు. తర్వాత గొంతెత్తి, "ఏమే! బాటసారులొచ్చిండ్రు!" అని కేకేశాడు.

ఆ కేక పూర్తి కాకముందే గుడిసెలోంచి లింగవ్వ పరుగెత్తుకొచ్చింది. కూతురిని పట్టుకుని ఏడ్చింది, మనవడిని లాక్కుని నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఆమె చేతులనిండా పసుపు. నిమిషంలో రాజేశ్వర్ నెత్తి నుంచి కాళ్ళదాకా పెళ్ళికొడుకులా పచ్చబడ్డాడు.

తర్వాత విస్తళ్ళు పరిచారు. లింగవ్వ గంపెడు గారెలు తెచ్చి పెట్టింది. వేడివేడి బొబ్బెర గారెలు, భాగ్యవ్వకు చిన్నప్పటినుంచి ప్రాణం. ఒకటి తుంచి నోట్లో పెట్టుకోబోయి ఆమె ఆగింది.

"అమ్మా, బొబ్బెర్లు ఎప్పుడు నానేసినవ్?"

"నిన్న పొద్దుగూకినంక నానేసిన బిడ్డా. తెల్లారంగ లేసి రుబ్బిన."

"మేమొస్తమని నీకెట్ల తెలుసు?"

లింగవ్వ మొగుడి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది. "మన ఊరి నర్సయ్య పసుపు అమ్మనీకి ఆర్మూరు వచ్చిండు గద. అల్లుడు చెప్పి పంపిండట, ఐతారం నాడు పోచంపాడు పోతూ తొవ్వ తప్పుతమని."

భాగ్యవ్వ మొగుడి వైపు చూసింది. ఆయన తల వంచుకుని, లోకంలో గారె తప్ప ఇంకేమీ లేనట్టు తింటున్నాడు. ఇన్నేళ్ళ సంసారంలో ఈ మనిషి ఒక్క తప్పు కూడా చేయకుండా దారి తప్పడం ఇదే మొదటిసారి. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మొగుడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది. "కారం ఎక్కువైందా బిడ్డా?" అని తల్లి అడిగితే అవునంది.

బయలుదేరేటప్పుడు కాశీరాం మంచం కింద చెయ్యి పెట్టి, మడత విప్పని కొత్త రుమాలు తీశాడు.

"ఎండ మస్తున్నది. తొవ్వ తప్పినోడు ఎవడైతేంది, నెత్తికేమన్న ఉండాలె గద" అంటూ తనే లేచి లక్ష్మీరాజం తలకు చుట్టాడు. చుట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు. లక్ష్మీరాజం కూడా తల వంచి కదలకుండా నిలబడ్డాడు.

"పోచంపాడుకు తొవ్వ చెప్పాల్నా?" అని అడిగాడు కాశీరాం.

"వద్దు. నేను తొవ్వ అడగ."

"గదే మంచిది. చెప్తే మల్ల తప్పవు."

తిరుగుదారిలో లక్ష్మీరాజం నిజంగానే దారి తప్పాడు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. భూమవ్వ నడుం పోయిందని మూలిగింది. పోచంపాడు చూడలేదని గంగమణి అలిగి పడుకుంది. హన్మండ్లు అన్నను నానా మాటలూ అన్నాడు. భాగ్యవ్వ ఒక్క మాట కూడా అనలేదు.

ఆ మరుసటి ఐతారం మళ్ళీ సైకిళ్ళు బయటికొచ్చాయి. "ఇయ్యాల పోచంపాడు చూడవల్సిందే" అన్నాడు లక్ష్మీరాజం, తలమీద కొత్త రుమాలు సర్దుకుంటూ.

భాగ్యవ్వ వచ్చి క్యారేజీ మీద కూర్చుంది. ఒళ్ళో ఎప్పుడూ ఉండే అన్నం మూట లేదు.

"అన్నం కట్టలేదేందే?"

"ఎందుకయ్యా? తొవ్వ తప్పుతం గద" అంది.

పోచంపాడు దగ్గర ఆనకట్ట గోడ ఏటికేడు పైకి లేస్తూనే ఉంది. ఆర్మూరువాళ్ళంతా రెండేసిసార్లు చూసొచ్చారు. లక్ష్మీరాజం ఇంటివాళ్ళు మాత్రం ప్రతి పసుపు సీజనులోనూ దానికోసమే బయలుదేరతారు. ఇంకా చూడలేదు.