తమ్ముడికి పట్టిన గ్రహణం

మొన్న మా కోడలు పెరుగు గిన్నె మూత తీసింది. ఆ కమ్మటి వాసనకి ప్రత్తిపాడులోని మా వంటిల్లు కళ్లముందుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి అయిదు. వాడికి నెలల తరబడి విరేచనాల్లో జిగటా నెత్తురూ పడుతుండేవి. నాడి చూసిన వైద్యుడుగారు, "గ్రహణి పట్టిందమ్మా. కారం ముట్టనీయొద్దు. కమ్మటి పెరుగన్నమే పెట్టు" అన్నారు. మాకున్నది ఒక్క గేదె. ఇక పెరుగంతా, మీగడతో సహా, వాడికే. నాకు గొడ్డుకారం అన్నం, ఆపైన నీళ్ల మజ్జిగ. వాడు మూతికి మీగడ పూసుకుని తింటుంటే నాకు కడుపు మండిపోయేది.

గ్రహణి అంటే నేను గ్రహణమనుకున్నాను. పట్టిన గ్రహణం కాసేపటికి విడుస్తుంది కదా. అందుకని అమ్మ మిరప కళ్లం నుంచి రాగానే రోజూ అడిగేదాన్ని.

"అమ్మా, తమ్ముడికి ఎప్పుడు విడుస్తుందే?"

ఒకరోజు అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఆమె చీరకున్న మిరపకాయల ఘాటుకి నా కళ్లూ కారాయి. అది చూసి పక్కింటి పిన్ని, "తమ్ముడంటే ఎంత ప్రాణమే దీనికి" అంది.

ఏడాదికి వాడికి నెమ్మదించింది గానీ, కారం మాత్రం ఎప్పటికీ పడలేదు. అమ్మ పోయేదాకా పిన్ని అన్న మాటే అందరికీ చెప్పుకుంది. వాడూ ఇప్పుడు మనవల్ని కూర్చోబెట్టుకుని, "మా అక్క నాకోసం రోజూ ఏడ్చేదిరా" అంటాడు. నా ఏడుపు పెరుగు కోసమని చెబుదామనుకుంటాను. వాడి ముఖం చూసి ఊరుకుంటాను.